డౌన్‌లోడ్ కిటికీ.. కంప్యూటరుకు గుదిబండ
నెట్ నెమ్మది కాదు.. వైరసూ కాదు
అనవసర ఫార్మాట్లతో వదులుతున్న చేతి చమురు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల:

ఆఖరు గడువు నాటి సాయంత్రం నెట్ సెంటర్లలో కనిపించే దృశ్యం జిల్లా వాసులకు కొత్తది కాదు. బయట విద్యార్థులు, రైతులు బారులు తీరి ఉంటారు. లోపల కంప్యూటరులో ఒక ఫైలు డౌన్‌లోడ్ అవుతూ ఉంటుంది. అంతలో తెరపై మౌస్ బాణం ఆగి ఆగి కదలడం మొదలుపెడుతుంది. మీట నొక్కిన చాలాసేపటికి గానీ అక్షరం పడదు. పెట్టెలోని ఫ్యాను హోరెత్తుతుంది. నెట్ నెమ్మదిగా ఉందని నిర్వాహకుడు అంటాడు. వైరస్ చేరిందని పక్కనున్నవారు తేలుస్తారు. యంత్రం పాతబడిందని మరొకరు తీర్పు చెబుతారు. మరునాడు మెకానిక్ వచ్చి ఫార్మాట్ చేసి పోతాడు. కొన్నాళ్లు బాగానే ఉంటుంది. ఆ తర్వాత కథ మళ్లీ మొదటికి వస్తుంది.

ఈ మూడు అభిప్రాయాలూ తప్పయ్యే సందర్భం ఒకటుంది. నెట్ బాగానే ఉంటుంది, వైరస్ ఉండదు, యంత్రానికీ ఆయుష్షు మిగిలే ఉంటుంది. భారమంతా డౌన్‌లోడ్ ఎంతవరకు వచ్చిందో చూపించే చిన్న కిటికీది. ఫైలును దింపడానికి ప్రాసెసర్ పడే శ్రమ స్వల్పం. అది దిగుతోందని మనకు చూపించడానికి పడే శ్రమ దానికి ఎన్నో రెట్లు ఉండవచ్చు. వినడానికి విడ్డూరంగా ఉన్నా కంప్యూటర్ రంగంలో ఇది రెండు దశాబ్దాలుగా తెలిసిన సంగతే. నెట్ సెంటర్ల వరకు మాత్రం అంతగా చేరలేదు.

గడువు దాటితే మూల్యం

డౌన్‌లోడ్ వేళ యంత్రం మొరాయిస్తే జరిగే నష్టం చిన్నది కాదు. ప్రొద్దుటూరు పసిడి, వస్త్ర వ్యాపారాలకు పెట్టింది పేరు. 2017 జూలై 1న జీఎస్టీ అమలులోకి వచ్చిన నాటి నుంచి ఇక్కడి వర్తకుల లెక్కలన్నీ నెట్‌లోకే చేరాయి. నెలవారీ రిటర్నులు వేసేవారు జీఎస్టీఆర్-1ను 11వ తేదీలోగా, 3బిని 20వ తేదీలోగా దాఖలు చేయాలి. కొనుగోళ్లపై తిరిగి రావలసిన పన్ను వివరాలతో కూడిన 2బి పత్రం 14వ తేదీన సిద్ధమవుతుంది. అంటే 14 నుంచి 20 వరకు గుమాస్తాలకు, పన్ను సలహాదారులకు పత్రాలు దింపుకోవడమే పెద్ద పని. ఒక్కో కార్యాలయంలో పదుల సంఖ్యలో వర్తకుల ఖాతాలుంటాయి. పన్ను ఉన్న 3బి రిటర్ను ఆలస్యమైతే రోజుకు రూ.50, లేనిదైతే రూ.20 చొప్పున రుసుం పడుతుంది. కట్టవలసిన పన్నుపై ఏడాదికి 18 శాతం వడ్డీ అదనం.

జమ్మలమడుగు ప్రాంత రైతుల అవసరం వేరు. 2015లో మీ భూమి సైటు వచ్చాక అడంగల్, 1బి నకళ్లు నెట్ నుంచి తీసుకోవడం అలవాటైంది. పంట రుణం రెన్యువల్ వేళ బ్యాంకులు ఈ నకళ్లనే అడుగుతుంటాయి. ఊరి నుంచి బస్సెక్కి పట్టణానికి వచ్చిన రైతుకు ఆ పూట నకలు చేతికి రాకపోతే ఒక రోజు కూలి, రానుపోను చార్జీలు వృథా. పులివెందుల వైపు విద్యార్థుల తాకిడి ఎక్కువ. పట్టణంలో 2006లో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల, సమీపంలోని ఇడుపులపాయలో 2008లో ట్రిపుల్ ఐటీ ఏర్పడ్డాయి. హాల్‌టికెట్లు, ర్యాంకు కార్డులు, కౌన్సెలింగ్ పత్రాలు ఏడాది పొడవునా దింపుతూనే ఉంటారు.

బస్తాలు దించేది ఒకరు.. లెక్క అరిచేది ఒకరు

ఇంతకీ ఒక చిన్న కిటికీకి అంత శ్రమ ఎందుకన్నది ప్రశ్న. మార్కెట్ యార్డులో లారీ నుంచి వేరుసెనగ బస్తాలు దించే తీరును ఊహిస్తే సులువుగా బోధపడుతుంది. హమాలీ ఒక్కడే బస్తాను భుజాన వేసుకొచ్చి దించుతున్నాడనుకుందాం. గుమాస్తా మూల కూర్చుని, పది బస్తాలకు ఒకసారి చీటీపై గీత గీస్తే పని సాఫీగా సాగుతుంది. అలా కాకుండా హమాలీ వేసే ప్రతి అడుగుకూ ఆపి, ఎన్ని గజాలు వచ్చావు, ఇంకెన్ని మిగిలాయి, ఎంతసేపు పడుతుందని అడిగి, ఆ లెక్కను గోడపై చెరిపి రాస్తూ ఉంటే? బస్తాలు మోసే పని కంటే లెక్క చెప్పే పనే పెద్దదవుతుంది. డౌన్‌లోడ్ కిటికీలో జరిగేది సరిగ్గా ఇదే.

ఆ కిటికీలో నాలుగు విషయాలు నిరంతరం మారుతుంటాయి. ఎంత దిగింది, ఎంత మిగిలింది, వేగం ఎంత, ఇంకా ఎంతసేపు అన్నవి అంకెలు. వీటికి తోడు నిండుతూ పోయే రంగు పట్టీ ఒకటి. పట్టీలో మెరుపు పారుతున్నట్టు, చారలు కదులుతున్నట్టు చూపించే సోకులు వేరే. కంప్యూటర్ తెర సాధారణంగా సెకనుకు 60 సార్లు మారుతుంది. కదిలే బొమ్మ నునుపుగా కనిపించాలంటే అన్నిసార్లూ దాన్ని కొత్తగా గీయాలి. మంచి గ్రాఫిక్స్ విభాగం ఉన్న యంత్రాల్లో ఈ పని ఆ విభాగం చూసుకుంటుంది. అది లేని చోట, ఉన్నా దాని డ్రైవరు సరిగా పడని చోట, గీతల భారమంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. నెట్ సెంటర్లలో అత్యధికం ఈ రెండో కోవకు చెందిన పాత యంత్రాలేనన్నది చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక లెక్క వేసి చూడవచ్చు. 2000 దశకం ఆరంభంలో ఫోను తీగ ద్వారా వచ్చే డయలప్ నెట్ గరిష్ఠ వేగం 56 కిలోబిట్లు. సెకనుకు 5 కేబీ దిగితే గొప్ప. ఆ లెక్కన 10 ఎంబీ ఫైలుకు సుమారు 2,000 సెకన్లు, అంటే అరగంటకు పైనే పట్టేది. సెకనుకు కోట్లాది లెక్కలు చేసే ప్రాసెసరుకు 5 కేబీ సమాచారాన్ని డిస్కుపై రాయడం చిటికెలో పని. కానీ ఆ 2,000 సెకన్లూ కిటికీ తెరిచి ఉండి, పట్టీని సెకనుకు 60 సార్లు గీస్తే మొత్తం 1,20,000 సార్లు గీసినట్టు. నెట్ ఎంత నెమ్మదిస్తే కిటికీ అంతసేపు తెరిచి ఉంటుంది, ప్రాసెసర్ అంతసేపు దాని చాకిరీలో మునుగుతుంది. నెట్ నెమ్మది వల్లే కంప్యూటర్ నెమ్మదించిందని జనం అనుకోవడానికి ఇదొక కారణం. రెండూ ఒకేసారి జరుగుతాయి మరి.

ఫైలు పరిమాణం ఎంతో పంపేవారు ముందుగా చెప్పనప్పుడు పరిస్థితి మరింత చిత్రంగా ఉంటుంది. అడిగిన తర్వాత అప్పటికప్పుడు తయారుచేసి పంపే పత్రాల్లో ఇది తరచూ జరుగుతుంది. మొత్తం ఎంతో తెలియదు కనుక ఎంత శాతం దిగిందో బ్రౌజర్ చెప్పలేదు. అందువల్ల పట్టీ నిండకుండా ఒక చార అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. అవతలి సర్వర్ నిద్రపోయినా ఈ చార మాత్రం ఆగదు. ఒక్క అక్షరం కూడా దిగకుండా ప్రాసెసర్ వేడెక్కడం ఈ దశలోనే కనిపిస్తుంది.

చిట్టా పెరిగే కొద్దీ..

బొమ్మ గీయడం ఒక ఎత్తు. జాబితా మరో ఎత్తు. దింపిన ప్రతి ఫైలు పేరునూ బ్రౌజర్ ఒక జాబితాలో రాసుకుంటుంది. వర్తకుల భాషలో చెప్పాలంటే అది దాని చిట్టా. ఇంట్లో వాడే కంప్యూటరులో ఈ చిట్టా పదుల వరుసల్లో ఉంటుంది. రోజుకు వంద పత్రాలు దింపే నెట్ సెంటరులో మూడు నెలలకే వేలల్లోకి చేరుతుంది.

ఈ సమస్యకు పేరుపడిన ఉదాహరణ ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్. 2004 నవంబరు 9న దీని తొలి సంచిక వచ్చింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌తో విసిగినవారు దీన్ని ఆదరించారు. అందులో ఫైలు దింపడం మొదలుపెట్టగానే డౌన్‌లోడ్ కిటికీ విడిగా తెరుచుకునేది. జాబితాను ఎప్పుడు తుడవాలన్న దానికి మూడు మార్గాలు ఇచ్చారు. ఫైలు దిగగానే, బ్రౌజర్ మూసినప్పుడు, లేదా మనమే స్వయంగా. కంపెనీ ముందుగా పెట్టి ఇచ్చింది ఆ మూడోదే. స్వయంగా తుడిచేవారు ఎందరుంటారు? జాబితా పెరుగుతూ పోయేది. తొలి సంచికల్లో ఈ చిట్టా అంతా ఒకే ఫైలులో ఉండేది. పుస్తకం లావెక్కిన కొద్దీ దాన్ని తెరవడానికి, అందులో కొత్త పద్దు చేర్చడానికి పట్టే సమయం పెరిగేది. డౌన్‌లోడ్ చరిత్ర మరీ పెద్దదైతే కొత్త ఫైలు దింపే వేళ బ్రౌజర్ స్తంభించవచ్చని, చరిత్రను తుడవాలని మొజిల్లా వారి సహాయ పుటలే సూచించాయి.

2008 జూన్ 17న విడుదలైన మూడో సంచికలో చిట్టాను డేటాబేస్ పద్ధతికి మార్చారు. పుస్తకమంతా తిరగేయకుండా కావలసిన పద్దు వద్దకే వెళ్లే ఏర్పాటు ఇది. ఆ సంచికను తొలి 24 గంటల్లో 80,02,530 సార్లు దింపుకున్నారు. అది గిన్నిస్ రికార్డుకెక్కింది. డౌన్‌లోడ్ కిటికీతో అగచాట్లు పడ్డ బ్రౌజరుకే డౌన్‌లోడ్లలో రికార్డు దక్కడం గమనార్హం. చివరకు 2013 ఏప్రిల్‌లో వచ్చిన 20వ సంచికలో విడి కిటికీని ఎత్తివేశారు. మూలన చిన్న బాణం గుర్తు, దాన్ని నొక్కితే దిగే చిన్న పలక వచ్చాయి. క్రోమ్‌లో మొదటి నుంచీ అడుగున ఉన్న పట్టీ కూడా 2023లో పై మూలకు చేరింది. మూసివేసిన పలకకు నిరంతరం గీతలు గీయనక్కర్లేదు కనుక భారం చాలావరకు తగ్గింది.

తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఇప్పటి బ్రౌజర్లలోనూ కంట్రోల్, జె మీటలు కలిపి నొక్కితే పూర్తి జాబితా తెరుచుకుంటుంది. దాన్ని రోజంతా తెరిచి ఉంచడం నెట్ సెంటర్లలో అలవాటు. ఎవరి పత్రం దిగిందో చూసి ప్రింటు తీయడానికి అది వీలు. పాత యంత్రానికి ఆ వీలే గుదిబండ.

ఫార్మాట్‌తో ఎందుకు బాగవుతుంది?

మెకానిక్‌పై జనానికి గురి కుదరడానికి కారణం ఒకటుంది. ఫార్మాట్ చేశాక యంత్రం నిజంగానే చురుగ్గా పరుగెడుతుంది. ఎందుకంటే ఫార్మాట్‌లో అన్నింటితో పాటు ఆ చిట్టా కూడా చెరిగిపోతుంది. ఒక మీటతో తుడిచేయగల జాబితా కోసం డిస్కు మొత్తం తుడిచేశారన్నమాట. నల్లిని చంపడానికి ఇల్లు తగలబెట్టినట్టు. మూడు నెలలు తిరిగేసరికి జాబితా మళ్లీ పెరుగుతుంది, మెకానిక్‌కు మళ్లీ కబురు వెళుతుంది. ఈలోగా ఖాతాదారుల పత్రాలు, లెక్కల పుస్తకాలు, ప్రింటర్ అమరికలు, తెలుగు ఖతులు అన్నీ పోతాయి. వాటిని తిరిగి ఎక్కించడానికి పట్టే ఒకటి రెండు రోజుల రాబడి నష్టం మెకానిక్ కూలి కంటే ఎక్కువే.

అనుమానం తీర్చుకునేదెలా?

ముందుగా నెట్ నెమ్మదికి, యంత్రం నెమ్మదికి తేడా తెలుసుకోవాలి. పేజీ తెరుచుకోవడం లేదు గానీ నోట్‌ప్యాడ్‌లో అక్షరాలు చకచకా పడుతున్నాయంటే తప్పు నెట్‌ది. నోట్‌ప్యాడ్‌లోనూ అక్షరం ఆలస్యంగా పడుతూ, ఫ్యాను హోరు పెరిగితే యంత్రం లోపలే ఏదో జరుగుతున్నట్టు.

అప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ఏ ప్రోగ్రాము ప్రాసెసర్‌ను ఎంత శాతం వాడుతోందో సీపీయూ అన్న వరుసలో కనిపిస్తుంది. ఆ శీర్షికపై నొక్కితే ఎక్కువ వాడేవి పైకి వస్తాయి. పాత విండోస్‌లో సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్ అన్న పేరు ఎదుట 95, 98 వంటి అంకెలు చూసి కొందరు హడలిపోతుంటారు. అది ఖాళీగా ఉన్న శాతం. ఎంత ఎక్కువుంటే అంత మంచిది. దాన్ని వైరస్ అనుకుని తొలగించాలని చూసినవారూ లేకపోలేదు.

మరో తిరకాసు కోర్లది. ఇప్పటి ప్రాసెసర్లలో రెండు, నాలుగు, ఎనిమిది చొప్పున కోర్లుంటాయి. డౌన్‌లోడ్ కిటికీ గీసే పని సాధారణంగా ఒక కోరుపైనే పడుతుంది. ఆ ఒక్కటీ పూర్తిగా మునిగినా నాలుగు కోర్ల యంత్రంలో టాస్క్ మేనేజర్ చూపేది 25 శాతమే. రెండు కోర్లయితే 50. అందువల్ల 25 చూసి ఇంకా 75 ఖాళీ ఉంది కదా అని భరోసా పడితే పొరపాటు. బ్రౌజర్ పేరు ఎదుట 25 దగ్గర అంకె కదలకుండా నిలబడి ఉంటే అనుమానించవలసిందే.

అసలు పరీక్ష ఇకపైనే ఉంది. ఫైలు దిగుతుండగానే డౌన్‌లోడ్ జాబితా తెరిచి ఉన్న ట్యాబును, లేదా పలకను మూసి టాస్క్ మేనేజర్ వంక చూడాలి. అంకె ఒక్కసారిగా పడిపోతే దొంగ దొరికినట్టే. మళ్లీ తెరిచినప్పుడు మళ్లీ పెరిగితే ఇక సందేహం అక్కర్లేదు. జాబితాను మూస్తే డౌన్‌లోడ్ ఆగిపోతుందేమోనన్న భయం చాలామందికి ఉంది. జాబితాను మూసినా ఫైలు దిగుతూనే ఉంటుంది. బ్రౌజర్‌ను పూర్తిగా మూసివేస్తేనే ఆగుతుంది. ఒకప్పటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో కాగితాలు ఎగురుతున్నట్టు చూపే కిటికీలో క్యాన్సిల్ నొక్కితే డౌన్‌లోడ్ రద్దయ్యేది. ఆ నాటి భయమే ఇంకా మిగిలిపోయినట్టుంది. ఆ బ్రౌజరుకు 2022 జూన్ 15న విండోస్ 10లో మైక్రోసాఫ్ట్ స్వస్తి పలికింది.

క్రోమ్ వాడేవారికి షిఫ్ట్, ఎస్కేప్ మీటలతో బ్రౌజరుకే సొంత టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ఏ ట్యాబు ఎంత వాడుతోందో అందులో విడివిడిగా తెలుస్తుంది.

తుడిచే విధానం

కంట్రోల్, జె నొక్కి జాబితా తెరవాలి. ఫైర్‌ఫాక్స్‌లో క్లియర్ డౌన్‌లోడ్స్ అన్న మీట, క్రోమ్‌లో క్లియర్ ఆల్ అన్న మాట కనిపిస్తాయి. క్రోమ్‌లో కొన్ని సంచికల్లో అది మూడు చుక్కల వెనుక దాగి ఉంటుంది. నొక్కితే జాబితా ఖాళీ. రోజూ రాత్రి దుకాణం కట్టేసే ముందు గల్లాపెట్టె లెక్క చూసుకున్నట్టే దీన్నీ ఒక అలవాటుగా చేసుకుంటే సరిపోతుంది. తుడిచేది పద్దునే గానీ సరుకును కాదు. ఫైళ్లు డౌన్‌లోడ్స్ ఫోల్డరులో భద్రంగా ఉంటాయి.

ఆ ఫోల్డరు సంగతి కూడా చూడాలి. అందులో వేలాది ఫైళ్లు పేరుకుపోతే దాన్ని తెరిచినప్పుడల్లా విండోస్ ఒక్కో ఫైలు ముఖచిత్రం తయారుచేస్తూ కూర్చుంటుంది. ఫోల్డరుపై కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లో కస్టమైజ్ అన్న చోట జనరల్ ఐటమ్స్ ఎంచుకుంటే త్వరగా తెరుచుకుంటుంది. నెలకొక ఫోల్డరు చేసి పాతవి అందులోకి తోసేస్తే ఇంకా మేలు. అడంగల్ పక్కన బ్రాకెట్లో 1, 2, 3 అంటూ వందల ఫైళ్లుంటే ఎవరి పొలానిదో తేల్చుకోలేక ఒకరి నకలు మరొకరికి ఇచ్చే ప్రమాదమూ తప్పుతుంది.

అన్ని కంప్యూటర్ల ఫైళ్లూ ప్రింటరు తగిలించిన ఒకే యంత్రంలోని ఫోల్డరులో చేరేలా పెట్టుకోవడం నెట్ సెంటర్లలో మరో పద్ధతి. వీలైనదే గానీ, ఆ యంత్రం ఆపి ఉన్నప్పుడు తిప్పలు మొదలవుతాయి. బ్రౌజర్ కిందటిసారి ఫైలు దాచిన చోటును గుర్తుపెట్టుకుని ముందుగా అక్కడికే వెళ్లి చూస్తుంది. ఆ చోటు లేకపోతే దాని కోసం వెతుకుతూ కాసేపు మాటా పలుకూ లేకుండా ఉండిపోతుంది. వలస పోయిన చుట్టం ఇంటి తలుపు తట్టుతూ నిలబడ్డట్టు. ఫైర్‌ఫాక్స్ స్తంభించడానికి మొజిల్లా వారు చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి. ఫైళ్లు సొంత డిస్కులోనే దిగేలా సెట్టింగ్స్‌లో మార్చుకుని, తర్వాత అవసరమైనవి ప్రింటరు యంత్రానికి పంపుకోవడం మంచిది.

నూరు శాతం దిగిందని చూపిన తర్వాత కూడా కొన్ని క్షణాలు యంత్రం బిగుసుకుపోతే తప్పు కిటికీది కాకపోవచ్చు. యాంటీ వైరస్ ఆ ఫైలును సోదా చేస్తూ ఉంటుంది. జిప్ ఫైలైతే మూట విప్పి లోపలి ప్రతి ఫైలునూ చూస్తుంది. టాస్క్ మేనేజర్‌లో యాంటీ మాల్వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్ అన్న పేరు పైకి వచ్చి కాసేపట్లో తగ్గితే అది దాని పనే. వేగం కోసం దాన్ని ఆపివేయమని సలహా ఇచ్చేవారి మాట వినరాదు. ఒకటికి రెండు యాంటీ వైరస్‌లు ఎక్కించి ఉంటే మాత్రం ఒకటి తీసివేయవచ్చు. ఇద్దరు కాపలాదార్లు ఒకే మూటను చెరోసారి విప్పి కట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు.

తెరపై గీతల భారం తగ్గడానికి బ్రౌజర్ సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ అన్న అమరిక ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో దాని పేరు హార్డ్‌వేర్ యాక్సిలరేషన్. సాధారణంగా అది పని చేస్తూ ఉండడమే మేలు. గ్రాఫిక్స్ డ్రైవరు సరిగా పడని పాత యంత్రాల్లో మాత్రం ఆపితేనే కుదుటపడుతుంది. రెండు విధాలా ప్రయత్నించి, టాస్క్ మేనేజర్ చూపే అంకెను బట్టి నిర్ణయించుకోవాలి.

ఎండకు తోడు రాతి పొడి

జిల్లాలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఏటా ఉన్నదే. ప్రాసెసర్ ఎంత శ్రమిస్తే అంత వేడెక్కుతుంది. హద్దు మీరితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు అదే చిన్న కిటికీ మరింత పెద్ద భారంగా తోస్తుంది. జనవరిలో బాగా నడిచిన యంత్రం ఏప్రిల్‌లో మొండికేయడానికి ఇదొక కారణం. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాతి పాలిష్ యూనిట్లు ఎక్కువ. గాలిలోని సన్నటి రాతి పొడి ఫ్యాను రెక్కల మధ్య, దాని కింది లోహపు పలకల మధ్య పేరుకుంటే వేడి బయటికి పోదు. కరెంటు తీగ తీసివేసి, పెట్టె విప్పి, మెత్తని బ్రష్షుతో మూడు నెలలకోసారి దుమ్ము దులిపితే చాలావరకు ఉపశమనం. కొత్త ప్రాసెసర్ కొనమన్న సలహా వినే ముందు చేయవలసిన పని ఇది.

కరెంటు కోత వేళ దీని ప్రభావం మరో రూపంలో కనిపిస్తుంది. ప్రాసెసర్ నిండా మునిగి ఉంటే యంత్రం ఎక్కువ విద్యుత్తు తాగుతుంది. యూపీఎస్ నిలబడే సమయం ఆ మేరకు తగ్గుతుంది. ఫైలు సగం దిగాక యూపీఎస్ చేతులెత్తేస్తే మళ్లీ మొదటి నుంచి రావాల్సిందే. కోత పడగానే డౌన్‌లోడ్ జాబితాను, అవసరం లేని ట్యాబులను మూసివేయడం అందుకే మంచిది.

జాబితా మూసినా తగ్గకపోతే?

అప్పుడు ఇతర అనుమానాలకు తావుంటుంది. బ్రౌజరుకు తగిలించిన ఎక్స్‌టెన్షన్లలో ఏదైనా కారణం కావచ్చు. డౌన్‌లోడ్ వేగం పెంచుతామని చెప్పే ప్రోగ్రాములు ఫైలును ముక్కలు చేసి ఒకేసారి దింపుతాయి. ఒక్కో ముక్కకూ ఒక్కో పట్టీ చూపే వాటితో కిటికీ బాధ రెట్టింపవుతుంది. ఏ కిటికీ తెరిచినా మూసినా అంకె 90 పైనే నిలబడి ఉంటే, కొన్ని సైట్లు మన యంత్రం శక్తిని దొంగిలించి వారి డిజిటల్ నాణేల గణనకు వాడుకుంటూ ఉండవచ్చు. 2017లో మొదలై 2019 మార్చిలో మూతపడిన కాయిన్‌హైవ్ అన్న సేవ ఇందుకు పేరుమోసింది. అది పోయినా ఆ కోవ దొంగలు పోలేదు. ఆ ట్యాబు మూసి చూడాలి, ఎక్స్‌టెన్షన్లు ఒక్కొక్కటిగా ఆపి చూడాలి, ఆపైనే యాంటీ వైరస్‌తో పూర్తి సోదా. మీ కంప్యూటర్ నెమ్మదించింది, వెంటనే బాగుచేసుకోండి అంటూ తెరపై ఎగిరిపడే ప్రకటనలను నొక్కితే ఉన్న రోగానికి కొత్త రోగం తోడవుతుంది.

బ్రౌజర్ సంచిక పాతదైతే పై చిట్కాలతో కొంతే ఫలితం. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపివేసింది. విండోస్ 10కూ 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు గడువు తీరింది. విండోస్ 7పై నడిచిన చివరి క్రోమ్ 109వ సంచిక. ఆ తర్వాతి దిద్దుబాట్లేవీ ఆ యంత్రాలకు అందలేదు. కొత్త యంత్రం కొనే స్తోమత లేనివారు తక్కువ జ్ఞాపకశక్తితో నడిచే లినక్స్ రకాలను ఎక్కించుకోవచ్చు. బ్రౌజర్, ప్రింటరు వరకే పని ఉన్న నెట్ సెంటరుకు అది చాలవచ్చు. జీఎస్టీ సంతకపు డాంగిల్, వేలిముద్ర యంత్రం వంటివి వాడేవారు అవి అందులో పనిచేస్తాయో లేదో ముందే పరీక్షించుకోవాలి.

ఖాతాదారులు చూసుకోవలసింది

డౌన్‌లోడ్ జాబితా నిర్వాహకుడికి బరువైతే, ఖాతాదారుకు మరో రకమైన చేటు. తన వెనుక వచ్చినవారికి ఆ జాబితాలో తన పత్రం కనిపిస్తుంది. ఒక్క నొక్కుతో తెరుచుకుంటుంది కూడా. హాల్‌టికెట్‌పై ఫొటో, పుట్టిన తేదీ ఉంటాయి. 1బిలో భూమి వివరాలన్నీ ఉంటాయి. ఈ-ఆధార్‌కు సంకేతపదం ఉన్నా అది పేరులోని తొలి నాలుగు ఇంగ్లిషు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపినదే. ఎరిగినవారికి ఊహించడం కష్టం కాదు. ఇతరుల కంప్యూటర్లలో ఈ-ఆధార్ దింపుకోవద్దని, తప్పనిసరైతే ఆ ప్రతులన్నింటినీ శాశ్వతంగా తొలగించాలని ఆధార్ ప్రాధికార సంస్థ గతంలో సూచించింది.

ప్రింటు చేతికందిన తర్వాత జాబితాలోని పద్దును తుడిపించుకుంటే సగం పనే అయినట్టు. డౌన్‌లోడ్స్ ఫోల్డరులోని అసలు ఫైలును విడిగా తీయించాలి. తీసిన ఫైలు మొదట రీసైకిల్ బిన్‌లో చేరుతుంది. దాన్ని ఖాళీ చేయించాకే బల్ల మీద నుంచి లేవాలి. షిఫ్ట్ మీటను పట్టుకుని డిలీట్ నొక్కితే బిన్‌లోకి చేరకుండా ఒకేసారి పోతుంది. ప్రింటరు యంత్రానికి పంపిన ప్రతి ఒకటి అక్కడ విడిగా మిగిలి ఉంటుంది. దాన్ని కూడా అడిగి తీయించుకోవాలి.